పక్కకు తిప్పడం కూడా వైద్యమే: ఆసుపత్రుల యాజమాన్యాలకు, నర్సింగ్ అధికారులకు బహిరంగ లేఖ

ఆసుపత్రుల యాజమాన్యాలకు, నర్సింగ్ విభాగాల అధిపతులకు, ఆరోగ్య శాఖల అధికారులకు, నర్సింగ్ కళాశాలల అధ్యాపకులకు

నమస్కారం.

నేను వృద్ధులు ఎక్కువగా ఉండే వార్డులో పనిచేసే స్టాఫ్ నర్సుని. ఈ లేఖలో రాసేవేవీ మీకు తెలియని సంగతులు కావు. మా వార్డు సిస్టర్లం వీటిని మొదట రౌండ్స్‌లో నోటిమాటగా చెప్పాం. తర్వాత అందరం సంతకాలు పెట్టి కాగితం మీద ఇచ్చాం. "పరిశీలిస్తాం" అన్నారు. ఆ తర్వాత వచ్చిన మార్పల్లా ఒకటే, నైట్ డ్యూటీలో ఒకరు తగ్గారు. చెప్పుకోవాల్సిన చోట చెప్పుకుని, ఇక వేరే దారి కనిపించక అందరికీ తెలిసేలా రాస్తున్నాను. సంస్థ పేరు కావాలనే రాయడం లేదు. ఇది ఒక్క సంస్థలో మాత్రమే జరిగేదైతే ఇంత పొడుగు లేఖ అవసరమే ఉండేది కాదు.

పెద్దవాళ్లు ఏదో ఒక జబ్బుతో ఆసుపత్రికి వస్తారు. నిమోనియా కావచ్చు, తుంటి ఎముక విరగడం కావచ్చు, పక్షవాతం కావచ్చు. చాలాసార్లు ఆ జబ్బు తగ్గుతుంది. కానీ నడిచి వచ్చిన మనిషి వీల్‌చైర్‌లో వెళ్తారు. కబుర్లు చెబుతూ వచ్చిన మనిషి కొడుకును గుర్తుపట్టకుండా వెళ్తారు. ఒంటి మీద గీత కూడా లేకుండా వచ్చిన మనిషి నడుము కింద అరచేతంత పుండుతో వెళ్తారు. డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం "పరిస్థితి మెరుగుపడింది" అని ఉంటుంది. వచ్చిన జబ్బు వరకూ అది నిజమే.

ఈ రెండో నష్టంలో చాలా భాగాన్ని వయసు మీదకు నెట్టడం అన్యాయం. పక్కకు తిప్పడం, లేపి నడిపించడం, కూర్చోబెట్టి తినిపించడం, టాయిలెట్‌కి తీసుకెళ్లడం, నిన్నటికీ ఇవాళ్టికీ మనిషిలో వచ్చిన తేడాను కనిపెట్టడం అనే పనులు జరగకపోవడం వల్ల వచ్చే నష్టం అది. మీ లెక్కల్లో ఇవి చిల్లర పనులు. ఇంజెక్షన్ గంట ఆలస్యమైతే మెమో వస్తుంది. పేషంట్‌ను నాలుగు రోజులు మంచం దింపకపోయినా ఎందుకని అడిగేవాళ్లు లేరు. నా ఫిర్యాదు మొత్తం ఇదే. వివరాలు వరసగా రాస్తున్నాను.

1. మంచం వల్ల జరిగే నష్టం

జబ్బు చేసిన పెద్దవాళ్లకు ఎంత రెస్ట్ ఇస్తే అంత మంచిదని ఇంట్లోవాళ్లతో పాటు మనలో చాలామంది కూడా అనుకుంటారు. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని పెద్ద వయసువాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఒక్క కాళ్లలోనే సగటున కిలోకు దగ్గరగా కండ తగ్గిపోయింది. వాళ్లకు జ్వరం లేదు, ఆపరేషన్ కాలేదు, ఆకలి చచ్చిపోలేదు. మా వార్డుకు వచ్చేవాళ్లకు ఇవన్నీ ఉంటాయి.

ఇది నిన్నా మొన్నా తెలిసిన సంగతి కూడా కాదు. బ్రిటన్‌లో మార్జరీ వారెన్ అనే డాక్టర్ 1930ల్లో, ఇక లేవరని మంచాలకు వదిలేసిన వృద్ధులను ఒక్కొక్కరినీ పరీక్షించి, లేపి, నడిపించి, చాలామందిని ఇళ్లకు పంపించారు. వృద్ధుల వైద్యం ఒక విభాగంగా నిలబడటానికి ఆమె పనే పునాది అంటారు. 1947లో రిచర్డ్ ఆషర్ అనే మరో బ్రిటిష్ డాక్టర్, అనవసరంగా పడుకోబెట్టడం వల్ల ఊపిరితిత్తులు, రక్తనాళాలు, చర్మం, కండరాలు, ఎముకలు, చివరికి మనసు కూడా ఎలా పాడవుతాయో ఒక్కొక్కటిగా రాసిపెట్టారు.

అయినా ఇవాళ్టికీ కేస్ షీట్‌లో "బెడ్ రెస్ట్" అని ఒక్కసారి పడిందంటే దాన్ని ఎవరు, ఎప్పుడు కొట్టేయాలో ఎవరికీ తెలియదు. సిస్టర్ గుర్తు చేస్తుందని డాక్టర్ గారు అనుకుంటారు, ఫిజియో వచ్చి చూసుకుంటారని సిస్టర్ అనుకుంటుంది, తనకు ఆర్డర్ రాలేదని ఫిజియో అంటారు. ముగ్గురిదీ తప్పు కాదన్నట్టే ఉంటుంది. ఈలోగా ఆ మనిషికి నిలబడే శక్తి పోతుంది.

2. పడక పుండ్లు

బెడ్‌సోర్ మొదలవడానికి కొన్ని గంటలు చాలు, మానడానికి నెలలు పడుతుంది. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగే చోట్ల రక్తం సరిగ్గా ఆడదు. నడుము కింద, తుంటి పక్కల, మడమల దగ్గర, మోచేతుల దగ్గర, తల వెనక వస్తాయి. దీనికి తడి తోడైతే ఇంకా తొందరగా వస్తాయి.

వీటికి మించి జారుడు ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తినిపించడానికి మంచాన్ని తలవైపు ఎత్తుతాం. పేషంట్ మెల్లమెల్లగా కిందికి జారతారు. చర్మం పరుపుకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది, లోపల ఎముక మాత్రం కిందికి కదులుతుంది. ఆ మధ్యలో ఉన్న సన్నటి రక్తనాళాలు సాగి, మెలిపడిపోతాయి. తర్వాత మనిషిని పైకి జరపాలి. ఇద్దరం ఉంటే కింద పరిచిన డ్రా షీట్‌ను చెరోవైపు పట్టుకుని ఎత్తి జరుపుతాం. ఒక్కరే ఉంటే చంకల కింద చేతులు వేసి లాగాల్సిందే. ఆ లాగుడుకు పెద్దవాళ్ల పల్చటి చర్మం ఉల్లిపొరలా లేచి వస్తుంది. అది చూసిన ఇంట్లోవాళ్లు సిస్టర్‌కి జాలి లేదంటారు. నిజానికి లేనిది రెండో మనిషి.

ఎర్రగా మారిన చోట వేలితో నొక్కితే తెల్లబడకుండా అలాగే ఉండటం మొదటి గుర్తని పుస్తకాల్లో ఉంటుంది. నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కనిపించదు. అక్కడ చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉందా, గట్టిపడిందా, మెత్తగా అయిందా, ముట్టుకుంటే నొప్పి అంటున్నారా అని చూడాలి. దానికి బట్ట తొలగించాలి, పక్కకు తిప్పాలి, మంచి వెలుతురు ఉండాలి. వార్డంతటికీ ఒక్క సిస్టర్ ఉన్న రాత్రి, సెల్‌ఫోన్ లైటు నోట కరుచుకుని ఈ పరీక్ష చేయడం ఎలాగో ఎవరైనా చూపిస్తే నేర్చుకుంటాం.

పుండు ఎవరికి పడవచ్చో ముందే చెప్పే పద్ధతులు లేవా అంటే, ఎప్పటినుంచో ఉన్నాయి. డోరీన్ నార్టన్ అనే బ్రిటిష్ నర్సు, ఆమె సహచరులు కలిసి వృద్ధుల వార్డుల్లో చేసి 1962లో ప్రచురించిన పరిశోధన నుంచి నార్టన్ స్కేలు వచ్చింది. 1987లో బ్రేడెన్ స్కేలు వచ్చింది. ఆరు అంశాలకు మార్కులు వేయాలి, మొత్తం 6 నుంచి 23 వరకు ఉంటుంది. 18 కానీ అంతకు తక్కువ కానీ వస్తే జాగ్రత్తపడాలి. ఆ ఫారం మా దగ్గరా ఉంది. అడ్మిషన్ రోజున నింపుతాం. 12 వచ్చిందనుకోండి, ఏం మారుతుంది? అదే పరుపు, అంతే స్టాఫ్. పేషంట్‌ను ఎప్పుడెప్పుడు తిప్పామో గుర్తుపెట్టే టర్నింగ్ చార్టులో మాత్రం రెండు గంటలకోసారి టిక్కులు పడుతుంటాయి, ఎందుకంటే ఆడిట్‌కి వచ్చినవాళ్లు చూసేది టిక్కులనే. గడి ఖాళీగా ఉంటే మెమో, పుండు పడితే "వయసు కదా". ఇలాంటి పద్ధతిలో చార్టు నిండటం ఆశ్చర్యమా?

ఒక లెక్క చూడండి. సొంతంగా కదల్లేని పేషంట్లు ఆరుగురు ఉన్నారనుకుందాం. పన్నెండు గంటల రాత్రి షిఫ్టులో రెండు గంటలకోసారి తిప్పాలంటే ఒక్కొక్కరికి ఆరుసార్లు, అందరికీ కలిపి 36 సార్లు. తిప్పడం, చర్మం చూడటం, తడి ఉంటే మార్చడం, మడమలు పరుపుకు ఆనకుండా దిండు సర్దడం, అన్నీ కలిపి ఐదే నిమిషాలు వేసుకున్నా 180 నిమిషాలు అవుతుంది. అంటే ఇద్దరు మనుషులకు చెరో మూడు గంటల పని. డ్యూటీ రోస్టర్ వేసేటప్పుడు ఈ మూడు గంటలను ఎక్కడ పెట్టారో చెప్పగలరా?

3. ఉన్నట్టుండి మతి చెదరడం

నిన్నటిదాకా బాగా మాట్లాడిన పెద్దావిడ సాయంత్రానికి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటుంది, సెలైన్ పైపు పీకేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు "ఈ వయసులో మామూలే" అంటారు. మామూలు కాదు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, నెలల్లో, ఏళ్లలో ముదురుతుంది. ఇది గంటల్లో, రోజుల్లో వస్తుంది, పొద్దున ఒకలా రాత్రి ఒకలా ఉంటుంది. దీన్ని డెలీరియం అంటారు. దీని వెనక ఇన్‌ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, సోడియం పడిపోవడమో, మూత్రం ఆగిపోవడమో, మలబద్ధకమో, చెప్పుకోలేని నొప్పో, కొత్తగా మొదలుపెట్టిన మందో ఉంటుంది. తరచూ ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి. పెద్దవాళ్లలో నిమోనియా జ్వరం లేకుండా రావచ్చు, గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా రావచ్చు. మనిషి తికమకపడటమే బయటికి కనిపించే మొదటి గుర్తు కావచ్చు. కాబట్టి దీన్ని ఎమర్జెన్సీగా చూడాలి.

గొడవ చేసేవాళ్లు ఒక రకంగా నయం, కనీసం కంటపడతారు. ఉలుకూ పలుకూ లేకుండా ముడుచుకుని పడుకునే రకం ఇంకొకటి ఉంది. డ్యూటీ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో వాళ్ల గురించి "ప్రశాంతంగా ఉన్నారు, ఇబ్బంది లేదు" అని చెప్పుకుని తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోతారు. ఎక్కువగా దొరక్కుండా పోయేది ఈ రకమే.

కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. షారన్ ఇనౌయే అనే అమెరికన్ డాక్టర్, ఆమె బృందం 1990లో కన్‌ఫ్యూజన్ అసెస్‌మెంట్ మెథడ్ అనే పద్ధతి ఇచ్చారు. ఇప్పుడు 4ఏటీ అనే ఇంకా చిన్న పరీక్ష ఉంది, రెండు నిమిషాల్లో అయిపోతుంది. డిసెంబరు నుంచి వెనక్కి నెలల పేర్లు చెప్పమనడం అందులో ఒక భాగం. అంతకంటే ముఖ్యంగా, డెలీరియం రాకుండానే చెప్పుకోదగ్గంత వరకు ఆపవచ్చు. ఇనౌయే బృందమే 70 ఏళ్లు, ఆ పైబడిన 852 మంది ఆసుపత్రి పేషంట్ల మీద చేసిన పరిశోధన 1999లో వెలువడింది. మామూలుగా చూసుకున్నవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ప్రత్యేక శ్రద్ధ పెట్టినవాళ్లలో 9.9 శాతం మందికే వచ్చింది. ఆ ప్రత్యేక శ్రద్ధ ఏమిటో వింటే నవ్వొస్తుంది. ఇవాళ ఏ రోజో, ఎక్కడ ఉన్నారో చెబుతుండటం. కళ్లజోడు, వినికిడి మెషిన్ అందేలా చూడటం. నీళ్లు తాగించడం. రోజుకు మూడుసార్లు నడిపించడం. రాత్రి నిద్రమాత్రకు బదులు వెచ్చగా ఏదైనా తాగించి, వీపు నిమిరి, వార్డులో చప్పుడు తగ్గించడం. వీటిలో చాలా పనులు శిక్షణ పొందిన వాలంటీర్లే చేశారు.

మన వార్డుల్లో కళ్లజోడు ఎక్కడుంటుంది? పోతే మా పీకల మీదకు వస్తుందని ఇంటికి పంపించేస్తాం. కట్టుడు పళ్లదీ అదే దారి. వినికిడి మెషిన్ బ్యాటరీ అయిపోయి డ్రాయర్‌లో పడి ఉంటుంది. కళ్లు కనపడక, చెవులు వినపడక, కిటికీ గానీ గడియారం గానీ లేని మూలలో, రాత్రంతా ట్యూబ్‌లైట్ కింద పడుకోబెడితే మీకైనా నాకైనా మతి నిలుస్తుందా?

4. పడిపోవడం, కట్టేయడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. వాళ్లలో 60 దాటినవాళ్లే ఎక్కువ. కాబట్టి మీ భయం అర్థం చేసుకోగలను. వార్డులో ఒకరు పడ్డారంటే ఇన్సిడెంట్ రిపోర్ట్, ఎంక్వైరీ, బంధువుల గొడవ, అందరికీ టెన్షన్. అందుకని అందరూ సులువైన దారి పట్టారు. అసలు లేవనివ్వకపోతే సరి. మంచానికి రెయిలింగ్ ఎత్తేయడం, చేతులు కట్టేయడం, డయపర్ వేయడం, యూరిన్ పైపు పెట్టేయడం. రిపోర్టులో పడినవాళ్ల సంఖ్య తగ్గుతుంది కూడా.

పడినవాళ్లు ఎక్కడికి బయల్దేరి పడ్డారో ఆ రిపోర్టుల్లో ఒకసారి చూడండి. ఎక్కువగా బాత్రూంకే. బెల్లు కొడతారు, ఎవరూ రారు. పక్క తడపడానికి సిగ్గు. ఇక లేస్తారు. రెయిలింగ్ ఎత్తి ఉంటే దాని మీదుగా కాలు వేస్తారు, మామూలుగా పడేదానికంటే ఎత్తు నుంచి పడతారు. కట్టేసినవాళ్లు పెనుగులాడి గాయపడతారు, డెలీరియం ఉంటే ఇంకా ముదురుతుంది. సిబ్బంది సౌకర్యం కోసమో, క్రమశిక్షణ పేరుతోనో కట్టేయకుండా ఉండే హక్కును అమెరికాలో నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్లకు 1987లోనే చట్టం ఇచ్చింది.

యూరిన్ పైపు సంగతి. అది ఉన్నన్నాళ్లూ, ఒక్కో రోజు గడిచేకొద్దీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే ప్రమాదం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. ఇంకా ఎందుకు ఉంచారని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు, "అడ్మిషన్‌లోనే వేశారు".

పడకుండా చూడటమంటే వేళకు టాయిలెట్‌కి తీసుకెళ్లడం, కాలికి జారని చెప్పులు, మంచాన్ని కిందికి దించి ఉంచడం. నిలబెట్టే ముందు ఒకసారి, నిలబడిన నిమిషానికి, మూడు నిమిషాలకు బీపీ చూడటం కూడా అందులో భాగమే. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ మనిషికి లేవగానే కళ్లు తిరగవచ్చని ముందే తెలుస్తుంది. కట్టే గుడ్డ కంటే బీపీ మెషిన్ చవక కాదు, ఒప్పుకుంటాను. కానీ అది ప్రతి వార్డులో ఇప్పటికే ఉంది.

5. తిండి, నీళ్లు, నోరు

ట్రే తెచ్చి పెడతారు. చెయ్యి అందని దూరంలో పెడతారు. వణికే వేళ్లతో మూత తీయలేరు. గంట తర్వాత ట్రే అలాగే వెనక్కి వెళ్తుంది, చార్టులో "పేషంట్ తినలేదు" అని పడుతుంది. తినలేదా, తినలేకపోయారా అన్నది ఎవరూ రాయరు.

మింగడం కష్టమైనవాళ్లకు తినిపించడం ఓపికతో చేయాల్సిన నర్సింగ్ పని. నిటారుగా కూర్చోబెట్టాలి, చిన్న చెంచాతో పెట్టాలి, గొంతు కదిలిందో లేదో చూడాలి, బుగ్గలో మిగిలిందేమో చూసుకుని అప్పుడే రెండో చెంచా పెట్టాలి. తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. ఒక్కొక్కరికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తొందరపడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిమోనియా వస్తుంది. నోరు శుభ్రంగా లేకపోతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నోరు కడిగే పని వార్డులో అందరికంటే చివర, టైం మిగిలితే చేసే పని. టైం మిగలదు.

నీళ్ల విషయంలో ఒక్క మాట. పెద్ద వయసులో దాహం సరిగ్గా తెలియదు. "నీళ్లు కావాలా" అంటే వద్దంటారు. కొందరైతే మళ్లీ టాయిలెట్‌కి లేవాల్సి వస్తుందని, సిస్టర్‌ని ఇబ్బంది పెట్టడం ఎందుకని కావాలనే తాగరు. అడగకుండా గ్లాసు చేతికిచ్చి పక్కన నిలబడాలి.

6. మందులు

ఇది డాక్టర్ల విషయం కాబట్టి ఎక్కువ రాయను. పెద్దవాళ్లకు వీలైనంతవరకు వాడకూడని మందుల జాబితా, బీర్స్ క్రైటీరియా, 1991 నుంచీ ఉంది. దాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తున్నారు. రాత్రి గొడవ చేస్తున్నారని డిమెన్షియా ఉన్నవాళ్లకు యాంటీసైకోటిక్స్ అనే రకం మానసిక జబ్బుల మందుల్లో కొన్నింటిని ఇస్తే మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. స్టాఫ్ లేని రాత్రి మా చేతికి దొరికే మొదటి సాయం మాత్రం ఆ మందే.

7. మాట తీరు

పెద్దవాళ్లతో పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడటం మాలో చాలామందికి అలవాటు. అందులో ప్రేమ ఉండవచ్చు. కానీ డిమెన్షియా ఉన్నవాళ్లతో అలా మాట్లాడినప్పుడు వాళ్లు స్నానానికీ, బట్టలు మార్చడానికీ ఎక్కువగా ఎదురు తిరుగుతారని వీడియోలు తీసి చేసిన పరిశోధనల్లో తేలింది. ఇంకో పక్క, పేషంట్ ఎదురుగానే బంధువులతో "రాత్రి మోషన్ అయిందా" అని అడగడం, తెర లాగకుండా డయపర్ మార్చడం.

ఇంతకంటే చేదు నిజం కూడా చెప్పాలి. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో పనిచేసే సిబ్బందిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు, గడిచిన ఏడాదిలో తాము ఏదో ఒక రకంగా వృద్ధులను బాధపెట్టామని ఒప్పుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా వృత్తిని వెనకేసుకొచ్చి ఈ అంకెను దాచను. కానీ ఇంతమంది చెడ్డవాళ్లని మీరు అనుకుంటే, వాళ్ల డ్యూటీ రోస్టర్లు కూడా తెప్పించుకుని చూడండి.

8. మనుషుల లెక్క

తొమ్మిది యూరప్ దేశాల్లోని 300 ఆసుపత్రుల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఆపరేషన్ అయిన 50 ఏళ్లు పైబడినవాళ్లను చూశారు. ఒక్కో నర్సు మీద ఒక్క పేషంట్ అదనంగా పెరిగితే, నెల రోజుల్లోపు పేషంట్ చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. అమెరికాలోని కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2004 నుంచి ఒక నర్సు ఎంతమందిని చూడాలో కట్టడి చేసింది. చేయాలనుకుంటే చేయవచ్చు.

ఇప్పుడు చాలా చోట్ల మంచాల సంఖ్యను బట్టి స్టాఫ్ వేస్తారు. మంచం మీద ఉన్నది తన పనులు తాను చేసుకునే పాతికేళ్ల కుర్రాడైనా, కదల్లేని ఎనభై ఏళ్ల పెద్దాయనైనా లెక్కలో ఒకటే. అసలు పొరపాటు ఇక్కడుంది.

ఇదంతా చివరికి ఎవరి మీద పడుతుంది? ఇంటి మీద. నడవలేకుండా ఇంటికి చేరిన మనిషి కోసం ఒకరు ఉద్యోగం మానేస్తారు, ఎక్కువగా ఆడవాళ్లే. పుండుకు డ్రెస్సింగ్ ఎలా చేయాలో, పైపు ఎలా కడగాలో డిశ్చార్జ్ రోజున బిల్లుల హడావుడిలో రెండు నిమిషాల్లో చెబుతాం. వాళ్లు తలూపుతారు. అర్థమై కాదు, లిఫ్ట్ దగ్గర స్ట్రెచర్ ఎదురుచూస్తోందని. కొన్ని రోజులకు అదే మనిషి అదే పుండుతో, ఈసారి రక్తంలోకి పాకిన ఇన్‌ఫెక్షన్‌తో వెనక్కి వస్తారు. ఖర్చు వాళ్లదే, మంచం మనదే. 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు 60 దాటినవాళ్లు ఉంటారు. వీళ్లను ప్రత్యేక కేసులుగా చూసే రోజులు అయిపోయాయి.

మా డిమాండ్లు ఇవి:

1. రాత్రి షిఫ్టుతో సహా ఏ షిఫ్టులోనూ కదల్లేని పేషంట్లున్న వార్డును ఒక్కరి మీద వదలొద్దు. తిప్పడానికి ఇద్దరు కావాలి, కనీసం ఇద్దరు ఉండాలి. స్టాఫ్‌ను మంచాల లెక్కన కాకుండా, పేషంట్లకు ఎంత సాయం కావాలో రోజూ లెక్కగట్టి వేయండి. మిగతావన్నీ ఇవ్వకపోయినా ఇది ఇవ్వండి.

2. టిక్కులు లెక్కపెట్టడం ఆపి ఫలితాలు లెక్కపెట్టండి. వార్డులోకి వచ్చాక కొత్తగా పడిన పుండ్లు ఎన్ని, నడిచి వచ్చి నడవలేక వెళ్లినవాళ్లు ఎందరు, డెలీరియం ఎందరికి వచ్చింది. ప్రతి నెలా వార్డులో అందరికీ కనిపించేలా పెట్టండి. పుండును మొదట గుర్తించి రిపోర్ట్ చేసిన సిస్టర్‌కే మెమో ఇచ్చే అలవాటు మానండి. దానివల్ల రిపోర్టులు తగ్గుతాయి, పుండ్లు తగ్గవు.

3. "బెడ్ రెస్ట్" ఆర్డర్ 24 గంటలకు దానంతటదే ముగియాలి. కొనసాగించాలంటే డాక్టర్ కారణం రాసి మళ్లీ సంతకం పెట్టాలి.

4. కాథెటర్‌కూ (యూరిన్ పైపు), కట్టేయడానికీ రోజూ కారణం రాయాలి. కారణం లేని కాథెటర్‌ను డాక్టర్ కోసం ఎదురుచూడకుండా నర్సే తీసేసే అధికారం రాతపూర్వకంగా ఇవ్వండి. చాలా ఆసుపత్రుల్లో ఈ పద్ధతి నడుస్తోంది.

5. వృద్ధులందరికీ రోజూ డెలీరియం పరీక్ష చేయాలి. "నిన్నటిలా లేరు" అని సిస్టర్ ఫోన్ చేస్తే డాక్టర్ వచ్చి చూడటం తప్పనిసరి చేయండి. ఫోన్‌లోనే నిద్రమందు చెప్పి పెట్టేయడం కుదరదని రాసివ్వండి.

6. కళ్లజోడు, కట్టుడు పళ్లు, వినికిడి మెషిన్ పెట్టుకోవడానికి ప్రతి మంచం దగ్గర పేరు రాసిన డబ్బా ఉండాలి. గదిలో పెద్ద అంకెల గడియారం ఉండాలి. దీనికి కమిటీ వేయకండి, దయచేసి.

7. డిశ్చార్జ్‌కు ముందే, ఆ రోజున కాదు, ఇంట్లో చూసుకునే మనిషితో తిప్పడం, తినిపించడం, డ్రెస్సింగ్ మా ఎదురుగా చేయించాలి. దానికి కేటాయించిన సమయం రోస్టర్‌లో కనిపించాలి.

8. కళాశాలల వాళ్లకు: అమెరికన్ నర్సుల సంఘం 1966లోనే వృద్ధుల నర్సింగ్‌కు ప్రత్యేక విభాగం పెట్టింది. మన విద్యార్థులకు అది ఇంకా సిలబస్‌లో ఒక పాఠమే. పోస్టింగ్ ఇస్తే బీపీలు రాయించి పంపిస్తారు. వృద్ధుల వార్డులో నెలల పోస్టింగ్ పెట్టండి, తినిపించడం, తిప్పడం, డెలీరియం గుర్తించడం మీద ప్రాక్టికల్ పరీక్ష పెట్టండి. ఆయాలకూ అటెండర్లకూ అదే శిక్షణ, సర్టిఫికెట్, దానికి తగ్గ జీతం ఇవ్వండి. పెద్దవాళ్ల ఒంటి మీద ఎక్కువసేపు చెయ్యి ఉండేది వాళ్లదే.

ఇందులో 3, 4, 5 అంశాలకు ఒక సర్క్యులర్ చాలు, 6కి నాలుగు డబ్బాలు చాలు. 1, 7, 8కి డబ్బు కావాలని మాకూ తెలుసు. ఎప్పటిలోగా ఇస్తారో, ఎంతమందిని ఇస్తారో తేదీలతో చెప్పండి. "పరిశీలిస్తాం" అన్న జవాబు మా దగ్గర ఇప్పటికే ఉంది, ఇంకోటి అక్కర్లేదు. జవాబును కూడా ఈ లేఖలాగే అందరికీ కనిపించేలా ఇవ్వండి. మా వార్డుల్లో ఉన్నవాళ్ల పిల్లలు కూడా దాన్ని చదవాలి.

ఇట్లు,
వృద్ధుల వార్డులో పనిచేసే ఒక స్టాఫ్ నర్సు